ఎడం గీత

మిక్స్‌డ్ డబుల్స్ ఆడేవాళ్ళు కోర్టులో కాలు పెట్టగానే ఎదుటి ఇద్దరిలో ఎవరు అలుసో చూసుకుంటారు. చూసుకున్నాక ఆట అయ్యేదాకా ఆ మనిషి ప్రాణం తోడేస్తారు. తమ జంటలో ఆ అలుసైన మనిషి తానేనని పిచ్చుకకి ఏ అనుమానమూ లేదు.

చిన్నప్పుడు ఒకచోట కుదురుగా కూర్చునేది కాదని ఇంట్లో పెట్టిన ముద్దుపేరు పిచ్చుక. పెరిగి పెద్దదై, కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో కొత్తవాళ్ళకి పని నేర్పే స్థాయికి వచ్చినా ఆ పేరు ఆమెని వదల్లేదు. వదలనివ్వని మనిషి బావ. అక్క మొగుడు. సిటీ బస్సు డ్రైవరు. "మా పిచ్చుక వచ్చిందిరోయ్, గింజలు దాచుకోండి" అని డిపోలో అందరి ముందూ అరిచేవాడు. ఆమె కూడా తక్కువ తినలేదు. "బావా, నీ పొట్ట ముందు వస్తే నువ్వు ఐదు నిమిషాల తర్వాత వస్తున్నావ్" అనేది.

నిజానికి బావతో జంటగా ఆడాల్సింది అక్క. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరే ఆడారు. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తోందని అక్క మొదలుపెట్టిన పికిల్‌బాల్, ప్యాడిల్ అనే చెక్క బ్యాటుతో ప్లాస్టిక్ బంతిని నెట్ మీంచి కొట్టుకునే ఆట, ఇద్దరికీ పిచ్చిలా పట్టుకుంది. ఈ వేసవిలో అక్క మోకాలి చిప్ప పక్కకి జరిగింది. "టోర్నమెంటుకి పేరు ఇచ్చేశాం కదా, నా బదులు నువ్వు వెళ్ళవే" అంది అక్క. బావకి ఆ మాట అంతగా రుచించలేదు. ఆటగాళ్ళకి క్లబ్బులవాళ్ళు ఇచ్చే అంకెల్లో బావది నాలుగు, అక్కది నాలుగు, పిచ్చుకది మూడున్నర. అరే కదా అనుకోవడానికి లేదు. మూడున్నరవాళ్ళు వచ్చిన బంతిని తిప్పికొడతారు. నాలుగువాళ్ళు మీ చేత ఎలాంటి బంతి కొట్టించాలో ముందే అనుకుని దానికి తగ్గ బంతి మీకు పంపిస్తారు. ఈ టోర్నమెంటు గెలిచిన జంటకి నాలుగున్నర వస్తుంది. బావ నాలుగేళ్ళుగా ఆ అర కోసం కాచుక్కూచున్నాడు.

అందుకే ఇద్దరూ పథకం వేసుకున్నారు. బావ ఎడమవైపు నిలబడాలి. కుడిచేతి వాటం కాబట్టి మధ్యలోకి వచ్చిన ప్రతి బంతీ అతని గట్టి చేతికి తగులుతుంది. పిచ్చుక కుడివైపు తన ముక్కలో తాను ఉండి, నెట్ దగ్గర మెత్తటి బంతులు వెయ్యాలి. నెట్‌కి ఇటూ అటూ ఏడేసి అడుగుల పట్టీ ఉంటుంది. అందులో నిలబడి బంతిని గాల్లో కొట్టకూడదు. దాన్ని కిచెన్ అంటారు. "ఇంట్లోనూ అంతేగా, వంటింట్లో కాలు పెట్టి చెయ్యాడించింది లేదు మీరు" అని అక్క బావని దెప్పేది. ఆ పట్టీలోకి నెట్ మీంచి రాసుకుంటూ జారినట్టు పడే బంతిని ఎవరూ బాదలేరు. ఆ పనిలో పిచ్చుకది చెయ్యి తిరిగిన చెయ్యి. పొద్దస్తమానం మైనంతో పళ్ళ అంచులు చెక్కే వేళ్ళు మరి.

పథకం ఫైనల్ దాకా బాగానే పనిచేసింది. ప్రతి జంటా పిచ్చుకనే సతాయించింది. ఆమె ఓపిగ్గా మెత్తగా తిప్పి పంపింది. ఎదుటివాళ్ళు విసుగెత్తి కొంచెం ఎత్తుగా వేసిన బంతిని బావ మధ్యలోకి దూకి చావగొట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం ఫైనల్. పాత గోడౌన్‌ని ఆట హాలుగా మార్చారు. రేకుల కప్పు కింద ఎండ వేడికి ఊపిరి ఆడటం లేదు. చిల్లుల ప్లాస్టిక్ బంతి టక్ టక్‌మన్న చప్పుడు గోడలకి తగిలి రెట్టింపై వస్తోంది. మొదటి వరస కుర్చీలో అక్క మోకాలికి పట్టీ వేసుకుని, కాలు ఎదుటి కుర్చీ మీద చాపుకుని కూర్చుంది.

ఎదుటి జంటలో మగమనిషి ఈత నేర్పే కోచ్, తాటిచెట్టంత పొడుగు. ఆవిడ చారల టోపీ పెట్టుకుని, ముఖంలో ఏ భావమూ కనపడనివ్వని మనిషి. మొదటి గేములో వాళ్ళు కూడా అందరిలాగే పిచ్చుక మీదికే వచ్చారు. పిచ్చుక తట్టుకుంది. పదకొండు ఏడుతో గేము వీళ్ళదైంది.

రెండో గేము సగంలో ఆట తీరు మారింది. చారల టోపీ ఆవిడ పొడుగాయన చెవిలో ఏదో చెప్పింది. ఆ తర్వాత పిచ్చుక వైపు ఒక్క బంతి వస్తే ఒట్టు. అన్నీ బావకే. అదీ అతని మీదికి కాదు, అతని ఎడం పక్క గీత వెంబడి.

మొదట బావకి ముచ్చటేసింది. "చూశావా, నీ దెబ్బకి జడిసి నా దగ్గరికొస్తున్నారు" అన్నాడు చెమట తుడుచుకుంటూ. పిచ్చుక కూడా నవ్వింది. కాని రెండు బంతులు పోయాయి. మూడోది పోయింది. గట్టిగా కొట్టినవి కావు, మామూలు బంతులు. నాలుగు అంకె ఉన్న మనిషి నిద్రలో కూడా తియ్యగలిగినవి. బావ ప్యాడిల్ కదిలేసరికి బంతి దాటిపోతోంది. మధ్యలోకి వచ్చిన బంతిని మాత్రం ఎప్పటిలాగే ఉతికి ఆరేస్తున్నాడు. అంటే అలసట కాదు. మరేమిటో ఆమెకి అందలేదు. ఎదుటివాళ్ళకి మాత్రం అందినట్టే ఉంది. ఒకే చోట, ఒకే చోట, మళ్ళీ అదే చోట. గేము చేజారిపోయింది.

"ఎడం పక్క కాస్త చూసుకో బావా" అంది విరామంలో.

"చూసుకుంటున్నాను" అన్నాడు. గొంతులో విసుగు. నీళ్ళ సీసా కోసం బెంచీ మీద చెయ్యి చాపి తడిమాడు. సీసా అతని చేతికి జానెడు ఎడం పక్కన ఉంది. పిచ్చుక అందించింది.

మూడో గేము, అసలు గేము, ఊపిరి బిగబట్టుకునే నడిచింది. ఇద్దరికిద్దరూ ఒక్కో పాయింటు కోసం ఇరవై ముప్ఫై బంతులు ఆడుతున్నారు. ఆరు ఎనిమిది. వాళ్ళు రెండు ముందున్నారు. వీళ్ళ సర్వీసు. మెత్తటి బంతులు నాలుగు అటూ ఇటూ తిరిగాయి. పొడుగాయన మణికట్టు తిప్పి బంతిని బావ ఎడం పక్క గీత మీదికి తోశాడు. బంతి పడి బయటికి ఎగిరిపోయింది.

"అవుట్!" అని బావ చెయ్యెత్తాడు.

పికిల్‌బాల్‌లో ఎవరి వైపు పడ్డ బంతికి వాళ్ళే తీర్పు చెప్పాలి. పెద్దమనుషుల ఆట అనేది అందుకే. హాలులో గొణుగుడు మొదలైంది. బంతి గీతకి లోపల, బెత్తెడు లోపల పడింది. చివరి వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా కనిపించింది. పొడుగాయన నడుం మీద చేతులు పెట్టుకుని రిఫరీ వైపు చూశాడు. ఎవరో వెనక నుంచి "ఏంటి మాస్టారూ, అన్యాయం!" అన్నారు.

పిచ్చుకకి ముఖం వేడెక్కింది. ఈ ఆటలో సర్వీసు చేసేవాళ్ళకే పాయింటు. జంటలో ఒకరు అవుట్ అని, ఇంకొకరు కాదంటే ఆ బంతి ఎదుటివాళ్ళదే, సర్వీసు చేజారుతుంది. నోరు మూసుకుంటే సర్వీసు నిలుస్తుంది, పైగా ఒక పాయింటు. అక్క అక్కడే కూర్చుని ఉంది.

"లోపల పడింది" అంది పిచ్చుక.

బావ గిరుక్కున తిరిగాడు. "ఏమిటీ?"

"లోపలే పడింది బావా. నేను చూశాను."

చప్పట్లు కొట్టారు కొందరు. ఆ చప్పట్లు బావకి చెంపదెబ్బల్లా తగిలాయని ఆమెకి తెలుస్తూనే ఉంది. అక్క ముఖం నల్లబడింది. "నలుగురిలో ఎందుకే అంత ధర్మరాజు వేషాలు" అని పళ్ళ మధ్య నుంచి అంది, చెల్లెలికి వినపడేటట్టు.

బావ ఆ గీత దగ్గరికి వెళ్ళి వంగి, బంతి పడ్డ చోటు కోసం వెతికాడు. తలని మొత్తంగా ఎడమకి తిప్పి, పక్కకి వాల్చి, కోడి గింజని చూసినట్టు చూశాడు. ఈ మనిషి అబద్ధమాడే మనిషి కాదు. బస్సులో దొరికిన పిల్లల గొడుగు కూడా ఎవరిదో కనుక్కుని ఇంటికి వెళ్ళి ఇచ్చొచ్చేవాడు. గీత మీద ఎప్పుడు అనుమానమొచ్చినా "మీదేలెండి" అనేసేవాడు. అలాంటివాడు బెత్తెడు లోపల పడ్డ బంతిని అవుట్ అన్నాడంటే, అతను దాన్ని చూడనేలేదు.

"టైమవుట్" అని రిఫరీకి చెప్పింది. చెయ్యి పట్టుకుని బావని వెనక గోడ దాకా లాక్కెళ్ళింది.

"కుడి కన్ను మూసుకో."

"ఏంటే ఈ గొడవ..."

"మూసుకో బావా. నన్ను చూడు. నా ముక్కే చూడు. ఇప్పుడు నా చెయ్యి కనపడుతోందా?"

ఆమె అతని ఎడం పక్కన చెయ్యి ఊపుతోంది. బావ చూపు ఆమె ముక్కు మీదే ఉంది. ఆమె చేతిని కొద్దికొద్దిగా ముందుకి తెచ్చింది. దాదాపు అతని ముఖం ఎదురుగా వచ్చేదాకా బావ "ఆఁ" అనలేదు.

"ఎప్పటినుంచి?"

"గురువారం పొద్దున మెరుపుల్లా వచ్చాయి. తర్వాత మూల నుంచి నల్లగా ఒక తెర. నిద్ర లేక అనుకున్నాను. తగ్గిపోతుందిలే అని..."

"గురువారం నుంచా? బస్సు తీశావా?"

బావ నేల చూశాడు. "శుక్రవారం, శనివారం. ఏమీ కాలేదుగా. నెమ్మదిగా పోయాను."

"అక్కకి చెప్పావా?"

"చెప్తే ఇంకేమన్నా ఉందా? వెంటనే డాక్టరంటుంది. డాక్టరు కాగితం రాస్తే డిపోలో బండి లాగేసుకుంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ స్టీరింగు తప్ప నాకేం తెలుసే?" అతను ఆమె భుజం పట్టుకున్నాడు. "పిచ్చుకా, ఇంకో నాలుగైదు పాయింట్లు. అంతే. అయిపోగానే నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. మీ అక్క మీద ఒట్టు."

రిఫరీ ఇంకా పదిహేను సెకన్లే ఉన్నాయని చెప్పాడు.

అప్పుడే ఆట మానేసి బయటికి నడిచి ఉంటే వేరే సంగతి. పిచ్చుక ఆ పని చెయ్యలేదు. ఆ తెర ఏమిటో, అది ఎంత తొందరగా పాకుతుందో ఆమెకి తెలియదు. ఇంకో పావుగంటలో ఏమవుతుందిలే అనుకుంది. ఇంకొక మాట కూడా ఉంది. ఆమెకీ గెలవాలని ఉంది. మూడున్నరదానివి నువ్వు, నీ మూల నువ్వు చూసుకో అని అందరూ అంటుంటే విని విని ఉంది.

"సరే. అయితే పక్కలు మారాలి" అంది. "ఎడమవైపు నేను. నువ్వు కుడివైపు. గీత నీ కుడి కంటికి వస్తుంది. నీ ఎడం పక్కన నేనుంటాను. మధ్యలో బంతులన్నీ నావి."

"మధ్యవి నీకెలా..."

"నావి అన్నాను."

ఎవరు ఎటునుంచి సర్వీసు చెయ్యాలో, ఎవరు తీసుకోవాలో నియమం ఉంది కాని, బంతి లేచాక ఎవరు ఎటు నిలబడ్డా అడిగేవాళ్ళు లేరు. బావ కొట్టగానే పిచ్చుక రివ్వున అతని ముందు నుంచి ఎడమకి పోయేది. అతను కుడికి జరిగేవాడు. చారల టోపీ ఆవిడ అలవాటుగా ఎడం గీత మీదికి వేసింది. అక్కడ పిచ్చుక ఉంది. మెత్తగా, నెట్ మీద ఒక వేలెడు ఎత్తున తిప్పి పంపింది. మళ్ళీ వేసింది. మళ్ళీ పంపింది. ఆ ముఖంలో మొదటిసారి చిరాకు కనిపించింది.

సర్వీసు ఇటొచ్చింది. ఏడు. పొడుగాయన మధ్యలోకి గట్టిగా కొట్టాడు. ఎప్పుడూ బావకి వదిలేసే బంతి. పిచ్చుక వదల్లేదు. ప్యాడిల్‌ని గోడలా పెట్టింది. బంతి పొడుగాయన పాదాల దగ్గర చచ్చినట్టు పడింది. ఎనిమిది. వాళ్ళు పోరాడి తొమ్మిది చేసుకున్నారు. వీళ్ళు మళ్ళీ సర్వీసు లాక్కుని సమానం చేశారు. తొమ్మిది తొమ్మిది.

హాలు హాలంతా లేచి నిలబడింది. మధ్యలోంచి ఎప్పుడూ తప్పుకునే మనిషి ఇప్పుడు మధ్యనంతా ఏలుతోంది. బంతి ఎటు రాబోతోందో పొడుగాయన భుజం చూస్తేనే తెలిసిపోతోంది ఆమెకి. ఒళ్ళంతా తేలిపోతోంది. అంత ఆనందంలో బావ కన్ను సంగతి ఆమెకి పూర్తిగా, నిజంగా పూర్తిగా, గుర్తులేదు.

ఆ తర్వాతి పాయింటులో చారల టోపీ ఆవిడ బంతిని కొద్దిగా ఎత్తు చేసింది. ఇద్దరి మధ్య గాల్లో వేలాడింది. "నాది!" అని అరుస్తూ పిచ్చుక కుడికి దూకింది. అదే క్షణంలో బావ కూడా ప్యాడిల్ విసిరాడు. బంతి ఎవరి ప్యాడిల్‌కి తగిలిందో కాని, దూసుకెళ్ళి అవతలి మూలలో పడింది. బావ ప్యాడిల్ అంచు మాత్రం వచ్చి పిచ్చుక కణతకి తగిలింది. కళ్ళు బైర్లు కమ్మి కూలబడిపోయింది.

పది తొమ్మిది. ఇంకొక్క పాయింటు. జనం కేరింతలు కొడుతున్నారు, ఎవరో ఐసు ముక్క పట్టుకుని పరిగెత్తుకొస్తున్నారు. బావ మోకాళ్ళ మీద కూర్చుని ఆమె తల పట్టుకున్నాడు.

"అరిచానుగా బావా" అంది నొప్పితో.

"వినపడింది. కాని ఎక్కడున్నావో కనపడలేదే. అంత దగ్గరగా ఉన్నావని తెలీదు. నువ్వు అక్కడ లేనే లేవు నాకు!"

అతను క్షమాపణగా చెప్పిన మాట అది. పిచ్చుకకి మాత్రం చెమట పట్టిన ఒళ్ళు చల్లబడిపోయింది. ఇందాక చెయ్యి ఊపినప్పుడు కుడి కన్ను మూయించింది. ఇప్పుడు రెండు కళ్ళూ తెరిచే ఉన్నాడు. అయినా బారెడు దూరంలో ఉన్న మనిషి, గొంతు చించుకుని అరుస్తున్న మనిషి, అతనికి లేదు. బస్సుకి ఎడం పక్క సైకిళ్ళు పోతాయి. స్టాపులో పిల్లలు రోడ్డు మీదికి వచ్చి నిలబడతారు. శుక్రవారం, శనివారం.

కణత మీద ఐసు ముక్క అదుముకుని లేచింది. నేరుగా రిఫరీ దగ్గరికి వెళ్ళింది.

"మేము ఆడటం లేదు."

రిఫరీ అర్థంకానట్టు చూశాడు. "దెబ్బ గట్టిగా తగిలిందా అమ్మా? వైద్య విరామం తీసుకోవచ్చు, పదిహేను నిమిషాలు..."

"వద్దు. ఆట వదిలేస్తున్నాం. వాళ్ళే గెలిచారని రాసుకోండి."

హాలులో చప్పుడు ఎవరో స్విచ్చి నొక్కినట్టు ఆగిపోయింది. బావ రెండంగల్లో వచ్చి పడ్డాడు. "పిచ్చెక్కిందా నీకు? ఒక్క పాయింటు! ఒక్కటంటే ఒక్కటి! సర్వీసు మనది!"

"ఒట్టేశావు బావా."

"అయిపోయాక అన్నాను! అయిపోయాక!" అతని మెడ నరాలు తేలాయి. ప్యాడిల్ నేలకేసి కొట్టాడు. ఇన్నేళ్ళలో అతను ఆమె మీద గొంతెత్తింది లేదు. "ఎవరడిగారే నిన్ను? ఇందాక దొంగని చేశావు, ఇప్పుడు గుడ్డివాణ్ణి చేస్తున్నావు!"

ఆ చివరి మాట అక్క చెవిన పడింది. కుర్చీ మీంచి కాలు దించి, కుంటుకుంటూ, కోర్టు మధ్యలోకి వచ్చింది. "గుడ్డేమిటి? ఏమండీ? ఏమంటున్నారు మీరు?"

బావ తల తిప్పుకున్నాడు. పిచ్చుక చెప్పింది. రెండే వాక్యాలు. అక్క వింటూ వింటూ మొగుడి వైపే చూస్తోంది. అతని చేతి సంచీ తీసి, బండి తాళాలు వెతికి, తన బ్లౌజులో దోపుకుంది.

"పదండి" అంది.

వాళ్ళ ముగ్గురిలో బండి నడపగలిగింది బావ ఒక్కడే. ఆటో కోసం గేటు దగ్గర నిలబడితే వెనక నుంచి హారన్ మోగింది. వ్యానులో పొడుగాయన. పక్కన చారల టోపీ ఆవిడ. "ఎక్కండి" అన్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చారల టోపీ ఆవిడ వెనక్కి తిరిగి, "మడమ పట్టేసిందేమో అనుకున్నామండీ. అటు వేస్తే కదలటం లేదని అటే వేశాం. తెలిస్తే వేసేవాళ్ళం కాదు" అంది. బావ కిటికీ వైపే చూస్తూ, "ఆట ఆటే కదమ్మా" అన్నాడు.

కంటి ఆసుపత్రిలో ఆదివారం డ్యూటీ డాక్టరు చాలా చిన్నపిల్ల. కంట్లో చుక్కలు వేసి, లైటు పెట్టి, ఒకసారి చూసి, మళ్ళీ చూసి, ఫోను తీసింది. ఫోనులో మాట్లాడుతున్నంతసేపూ పిచ్చుక ఆమె ముఖాన్నే చూసింది. కంటి వెనక పొర చిరిగి ఊడొస్తోంది, గోడకి తడి తగిలి కాగితం ఊడినట్టు, అని చెప్పింది డాక్టరు. చూపుకి నడిబొడ్డు లాంటి భాగం ఇంకా అంటుకునే ఉంది. కాని దాని అంచు దాకా వచ్చేసింది. ఈ రోజే ఆపరేషన్ చెయ్యాలి.

"రేపయితే?" అని అడిగింది అక్క.

"రేపటికి అది కూడా ఊడిపోయి ఉండొచ్చు. అప్పుడు అతికించినా మనిషి ముఖం ఆనవాలు పట్టడం కష్టం. గెంతడం, ఆడటం లాంటివి అసలు చెయ్యకుండా ఉండాల్సింది" అంది డాక్టరు.

పిచ్చుక వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. టైమవుట్‌లో ఒప్పుకున్నది తనే. పక్కలు మారదామన్నదీ తనే. నాది, నాది అని దూకిందీ తనే. అక్క వచ్చి కుంటికాలు చాపుకుని పక్కన కూర్చుంది. కాసేపటికి, "ఐసు కరిగిపోయింది. ఇటివ్వు" అని ఆ తడిగుడ్డ తీసుకుని పిండి, మళ్ళీ చెల్లెలి కణత మీద పెట్టింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కంట్లో గ్యాస్ బుడగ పెట్టారు. ఆ బుడగ పొరని నొక్కి పట్టాలంటే మనిషి రోజంతా బోర్లా పడుకోవాలి. మంచం తలవైపు అంచుకి, బయటికి ఉండేలా, ముఖం పట్టేంత కన్నం ఉన్న దిండు బిగించారు. ముఖం నేల వైపు పెట్టి బావ అలాగే పడుకున్నాడు. నర్సులతో మాట్లాడాడు, అక్కతో అడిగినదానికి మాత్రం మాట్లాడాడు. పిచ్చుక వస్తే నిద్రపోతున్నట్టు ఊరుకునేవాడు.

మూడోనాడో నాలుగోనాడో ఆమెకి ఒళ్ళు మండింది. చాప తెచ్చి మంచం కిందికి దూరి, వెల్లకిలా పడుకుంది. కన్నంలోంచి బావ ముఖం సరిగ్గా ఆమె మీదికి వచ్చింది. ఒక కన్నుకి కట్టు, రెండో కన్ను చటుక్కున తెరుచుకుంది.

"ఇక్కడికి కూడా వచ్చావా?" అన్నాడు.

"ఇప్పుడు కనపడుతున్నానా?"

బావ నవ్వలేదు. ఉన్నట్టుండి ఆ ఒంటి కంటిలోంచి ఒక చుక్క జారి ఆమె గడ్డం మీద పడింది.

"శనివారం మార్కెట్ స్టాపు దగ్గర ఒకామె అద్దం మీద దబదబా కొట్టింది" అన్నాడు మెల్లగా. "ఎందుకు కొట్టిందో తెలీలేదు. తిట్టుకుంటూ పోయాను. ఇక్కడ నేల చూస్తూ పడుకుంటే అదే గుర్తొస్తోంది. ఆమె పక్కన ఎవరున్నారో, ఏముందో. నేను చూడలేదు కదా. ఎవరికీ ఏం కాలేదు. అయ్యుంటే డిపోకి ఫోనొచ్చేది. కాని నేను చూడలేదు."

పిచ్చుక గడ్డం మీది తడిని వేలితో తుడుచుకుంది.

"డిపో మేనేజరుకి ఫోను కలుపు" అన్నాడు.

"ఇప్పుడా? లేచాక చెప్పొచ్చుగా. నీకు జబ్బు సెలవు పెట్టింది అక్క."

"లేచాక చెప్పలేను. ఇప్పుడైతే ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. కలుపు."

కింద పడుకునే ఆమె ఫోను పైకెత్తి అతని చెవి దగ్గర పట్టుకుంది. చెయ్యి పీకుతున్నా దించలేదు. "సార్, నేనే సార్... బాగానే ఉంది సార్... ఒక విషయం చెప్పాలి. ఆపరేషన్ ఆదివారం అయింది కాని, గురువారం నుంచే నాకు ఎడం పక్క సరిగ్గా కనపడలేదు సార్. తెలిసే శుక్రవారం, శనివారం బండి తీశాను." అవతల కేకలు. ఆ కేకలు మంచం కింద ఉన్న పిచ్చుకకి కూడా స్పష్టంగా వినిపించాయి. బావ ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. "అవును సార్" అన్నాడు. మళ్ళీ "అవును సార్" అన్నాడు.

చూపులో ముఖ్యమైన భాగం మిగిలింది. ఎడం అంచు మాత్రం మసకగానే ఉండిపోయింది. బస్సు మళ్ళీ ఇవ్వలేదు. రెండు నెలలు పనిలోంచి పక్కన పెట్టి, తర్వాత కొత్త డ్రైవర్లకి బండి గురించి చెప్పే గదిలో వేశారు. మొదట్లో ఆ గదిని తిట్టని రోజు లేదు. అక్క అతనితో మామూలుగా మాట్లాడటానికి ఆ రెండు నెలలూ చాల్లేదు. అన్నం పెట్టేది, మందులు వేసేది. మోసం చేసిన మనిషిని చూసినట్టు చూసేది. ఒకరోజు బావే ఆమె కౌంటరు ముందు లైనులో నిలబడి, తన వంతు వచ్చేదాకా ఆగి, "చెప్పకపోవడం తప్పే" అన్నాడట. "స్టాంపులేమన్నా కావాలా?" అందట అక్క. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికొచ్చారు.

మరుసటి ఏడు డాక్టరు ఆడుకోవచ్చన్నాక బావ మళ్ళీ ప్యాడిల్ పట్టాడు. క్లబ్బువాళ్ళు అతని అంకెని మూడున్నరకి దించారు. పిచ్చుకది నాలుగైంది. మొదటి మ్యాచ్‌లో ఎదుటి జంట కాలేజీ పిల్లలు. ఐదారు బంతులకే వాళ్ళకి దారి తెలిసిపోయింది. బావ కుడివైపు ఉన్నాడు కాబట్టి ఈసారి అతనికీ పిచ్చుకకీ మధ్య సందులోకి, అతని ఎడం చేతి కిందికి, వరసపెట్టి కొట్టడం మొదలుపెట్టారు. పిచ్చుక ప్రతిసారీ అడ్డం దూకి తీస్తోంది. నాలుగోసారికి ఆమెకి ఆయాసం వచ్చేసింది.

"నువ్వు రాకు" అన్నాడు బావ.

"వాళ్ళు నీకే కొడుతున్నారు."

"తెలుస్తోందిలే. కొట్టనీ. నేనూ ఆడొద్దా?"

అని పాదాలు మార్చుకుని, ఒళ్ళంతా ఎడమకి తిప్పి, మెడ సారించి నిలబడ్డాడు. మొదటి బంతి పోయింది. రెండోదీ పోయింది. మూడోదాన్ని ఎలాగో అందుకుని నెట్ మీంచి పంపాడు, ఏ అందమూ లేకుండా, అంచుకి తగిలి. పిచ్చుక తన ముక్కలో తాను నిలబడి, ప్యాడిల్ గుండెకి ఆనించుకుని, తర్వాతి బంతి కోసం చూస్తోంది.